పుట్టాక తెరుచుకునే గడి

రాత 1. భాద్రపదం 6, మబ్బుపాలెం

చెల్లీ బంగారమ్మా, ముందు అందరి సంగతీ చెప్పు. నీ నడుం ఎలాగుంది? వంగి మబ్బువలలు దులపవద్దని చెప్పాను, దులుపుతూనే ఉంటావు, నాకు తెలుసు. మరిది అప్పన్న దగ్గు తగ్గిందా? పడుకున్నప్పుడు ఎక్కువవుతోందంటే మీ ఇంటి గాలిగొట్టంలో బయటి పుల్లగాలి చేరిందేమో చూపించండి. మీ అబ్బాయి గురువులు మోచేతి మీద ఒళ్ళు కాల్చే చినుకు పడిన చోట మచ్చ నల్లబడిందా? నల్లబడితే మంచిదే, ఎర్రగా ఉంటేనే భయం. కోడలు రాజేలుకు పాలు సరిపోతున్నాయా? మెంతులు ఇంకా ఉన్నాయా మీ దగ్గర? ఇక మీ మనవడు సన్నాసిగాడు. వాడికి ఆరో నెల వచ్చింది కదా, బోర్లా పడుతున్నాడా? పడితే ముక్కు నేలకు ఆనించుకుంటాడేమో, పక్కన ఎప్పుడూ ఒకరుండాలి.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మనవరాలు దాలికి మాత్రం నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. అడిగితే "ఏటీ నేదమ్మమ్మా, ఉక్క" అంటుంది. ఊరు ఈ నెల గాలిలో కిందికి దిగి తేలుతోంది కాబట్టి ఉక్క నిజమే. అయినా తల్లి పోయాక దాన్ని పెంచినదాన్ని, నాకు అనుమానంగానే ఉంది. దాని మొగుడు ఎర్రినాయుడు ఊరి పైపొరకు అతుకులు వేసే పనిలోనే ఉన్నాడు. వాడు బయటికి వెళ్ళి లోపలికి వచ్చేదాకా నేను ఊరి తలుపు దగ్గరే కూర్చుంటాను.

ఇదంతా పలక మీద ఎందుకు రాస్తున్నానంటే, నాకు కొత్త పని ఇచ్చారు. వలలు లాగడానికి నా మోకాళ్ళు పనికిరావని తేల్చి సరుకుల కేటలాగు దగ్గర కూర్చోబెట్టారు. ఏ రోజు ఏం చేశానో, ఎందుకు చేశానో రాసి ఉంచాలట. మన ఐదు ఊళ్ళకూ కేటలాగు ఒకటే కాబట్టి ఆ రాతలు ఐదు ఊళ్ళకూ వెళ్తాయట. ఎవరికో తెలియకుండా రాయడం నాకు చేతకాదన్నాను. కేటలాగు చూసే జోగారావు నవ్వాడు.

"మీ సెల్లికి రాసినట్టు రాసీ పెద్దమ్మా. సదివేవోళ్ళు సదువుకుంటారు."

అందుకని ఇది నీకే. మిగతావాళ్ళు చదివితే చదవనీ.

పోయినసారి సరుకు ఓడ మా ఊరికి ఏం దింపిందో నీకు గుర్తుందా? కుక్కరు మూతలు. ఊరందరికీ మూతలే, ఒక్క కుక్కరూ లేదు. ఏడాదిన్నరకు ఒకసారి వచ్చే ఓడ. ఏం చేస్తాం, ఆ మూతల్ని తిరగేసి కంచాలు చేసుకున్నాం. విజిలు పెట్టే కంతలోంచి చారు కారిపోతుంది గానీ అన్నానికి ఇబ్బంది లేదు. ఎందుకలా జరిగిందంటే కేటలాగులో కుక్కరు ఒకచోట, మూత ఇంకొకచోట ఉన్నాయి. ఒకటి ఎంచుకుంటే రెండోది అడగాలని దానికెవరూ చెప్పలేదు.

"మూతొక్కటే ఎందుకర్రా అని అడిగే బుద్ధి ఓడవోళ్ళకి ఉండదు పెద్దమ్మా. ఆ బుద్ధి కేటలాగుకే పెట్టాల. ఊళ్ళో ప్రతి దానికీ 'అలాగైతే ఏటవుతాది, ఇలాగైతే ఏటవుతాది' అని పేనం తీసేది నువ్వొక్కదానివే. ఈ పని నీదే" అన్నాడు జోగారావు.

పొగిడాడో తిట్టాడో తెలియలేదు. రేపు పనిలో కూర్చోవాలి. ఏదైనా తప్పు నొక్కితే ఊరు పడిపోదు కదా అని అడిగాను. పడిపోదన్నాడు. రెండుసార్లు అడిగాను.

రాత 2. భాద్రపదం 11

చెల్లీ, ఈ పని వింతగా ఉంది. నీకు చెప్పాలని చేతులు దురద పెడుతున్నాయి.

పలక మీద గడులుంటాయి. చెప్పులు అని ఎంచుకుంటావనుకో, దాని కింద ఇంకో గడి తెరుచుకుంటుంది, ఎవరికి అని. పైపొర మీద నడిచేవాళ్ళకి అని నొక్కితే కింద ఇంకొకటి తెరుచుకుని జారని అడుగు మాత్రమే చూపిస్తుంది. ఇంట్లో తిరిగేవాళ్ళకి అని నొక్కితే ఆ గడిలో మెత్తడుగు, రంగులు, పూలు కూడా కనిపిస్తాయి. పైది మారితే కిందిది మారుతుంది. పైదాన్ని తల్లి గడి అనీ, కిందిదాన్ని పిల్ల గడి అనీ నేనే పేర్లు పెట్టుకున్నాను. జోగారావు ఏవో వేరే మాటలు చెప్పాడు, అవి నా నోటికి రాలేదు. ఇప్పుడు అతనూ తల్లి, పిల్ల అనే అంటున్నాడు.

ఏ తల్లికి ఏ పిల్ల అని ముడి వేయడమే నా పని.

మొదటి రోజు నాకొక అనుమానం వచ్చింది. "కనపడని గడులు ఎక్కడికెల్తాయి బాబూ?" అని అడిగాను.

"ఎక్కడికీ ఎల్లవు. అక్కడే ఉంటాయి. అవి నిన్ను సూస్తానే ఉంటాయి, నువ్వే వాటిని సూళ్ళేవు."

ఆ తర్వాత ఏ గడి మూసినా "ఉండమ్మా, వస్తాను" అని చెప్పి మరీ మూస్తున్నాను.

నిన్న ఒక తప్పు చేశాను. సైజు చెప్తే గానీ ఎవరికి అన్న గడి తెరుచుకోకూడదని ముడి వేశాను. అంతకుముందే ఎవరికి అని చెప్తే గానీ సైజు తెరుచుకోకూడదని వేసి ఉన్నాను. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి, ఏదీ తెరుచుకోలేదు. సాయంత్రందాకా ఐదు ఊళ్ళలో ఎవరికీ చెప్పుల పేజీయే రాలేదట. మీ ఊరినుంచి కూడా ఫిర్యాదు వచ్చింది. నువ్వే చేశావేమోనని అనుమానం.

రాత 3. భాద్రపదం 19

ఈవేళ చంటిపిల్లల సామాను పేజీకి వచ్చాను. గాలిబుట్టలు, వాటి అంచులు, పాలసీసాలు, చిన్న ముసుగులు. నీకు తెలుసు కదా, పొరకు ఎక్కడైనా చిరుగు పడి గండి గంట మోగితే మనం ముసుగు తగిలించుకుంటాం, చంటిదాన్ని గాలిబుట్టలో పెట్టి మూత బిగిస్తాం. బుట్ట లేని పిల్ల ఊళ్ళో ఉండకూడదు. అది ఐదు ఊళ్ళకూ ఉన్న కట్టుబాటు.

ఆ పేజీ ఎవరు పడితే వాళ్ళకు తెరుచుకుంటోంది! కడుపులో ఉన్న బిడ్డకు కూడా బుట్ట ఎంచుకుని, ఇంటి పేరు రాసి, రంగు చూసుకోవచ్చు. పుట్టకముందే బిడ్డ సామాను ఇంట్లోకి తెచ్చుకుంటామా మనం? నేల మీద ఉన్న కాలం నుంచి మన ఇళ్ళలో లేదే ఆ పని. ఆఖరికి మొదటి చొక్కా కూడా వేరే ఇంటి పిల్ల తొడుక్కుని విడిచిన పాతదే వేస్తాం, కొత్తది వేయం.

అందుకని ముడి వేశాను. తల్లి గడి: పుట్టుక నమోదయిందా? అయితేనే పిల్ల గడులన్నీ తెరుచుకుంటాయి. లేకపోతే ఆ పేజీయే కనపడదు.

జోగారావు తల గోక్కుని, ఆడవాళ్ళను అడుగుదామన్నాడు. అడిగాం. అందరూ మంచిపని అన్నారు. దాలి అత్తగారు తౌడమ్మ అయితే పనిమానుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె సంగతి నీకు తెలుసు. ఎర్రినాయుడు పుట్టకముందు ఆమెకు ఒక కాన్పు అయింది. అప్పుడు ఓడ ముందే వస్తోందని బుట్ట తెప్పించుకుని నడవలో పెట్టుకున్నారు. ఆ బుట్ట ఉత్తదిగానే మిగిలిపోయింది. ఇప్పటికీ ఆ నడవ వైపు చూడకుండా నడుస్తుంది.

"సాలా మంచి ముడేసినావత్తా. ఇంక దీన్ని ఎవులూ విప్పకూడదు" అంది.

ఆ రోజంతా నాకు భయమన్నదే లేదు. నమ్ముతావా?

రాత 4. ఆశ్వయుజం 2

ఉక్క కాదు చెల్లీ. నా అనుమానమే నిజం. దాలికి మూడో నెల నిండింది. మూడు నిండేదాకా చెప్పకూడదని అత్తా కోడలూ నా దగ్గర కూడా దాచారు.

సంతోషంతో కాసేపు ఏడ్చాను. తర్వాత లెక్క వేసుకున్నాను. తర్వాత జోగారావు దగ్గరకు పరిగెత్తి అతని చేత వేయించాను. ఈ నెలాఖరుకి కేటలాగు మూసేస్తారు. ఎంచుకున్న సరుకు మాఘంలో ఓడ తెస్తుంది. కాన్పు ఫాల్గుణం చివర. ఆ తర్వాతి ఓడ ఏడాదిన్నరకు.

నేను వేసిన ముడి ప్రకారం బుట్ట పేజీ పుట్టాకే తెరుచుకుంటుంది. పుట్టాక తెరుచుకునేసరికి ఓడ వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

ఊళ్ళో పాతబుట్టలు ఉన్నాయేమో చూశాం. మా దగ్గర కాన్పు జరిగి నాలుగేళ్ళయింది. ఉన్న బుట్టల చట్రాలు ఎప్పుడో కరిగించి గొట్టాలు చేసుకున్నారు. తౌడమ్మ నడవలోది కూడా అప్పుడే పోయింది.

పురిటిగదికి సొంత గాలి ఉంది కాబట్టి మూడు వారాలు తల్లీపిల్లా అందులో ఉండవచ్చు. బయటికి రావాలంటే బుట్ట ఉండాలి. లేకపోతే ఇద్దర్నీ పైన ఆకాశంలో తిరిగే మజిలీకి, మనం చుక్క అనేదానికి, పంపేస్తారు, తర్వాతి ఓడ వచ్చేదాకా. చుక్కలో మనిషికి బరువుండదు. పెద్దవాళ్ళకే కాళ్ళు పీక్కుపోతాయి. అక్కడ పెరిగిన పిల్లకు ఎముక నిలవదంటారు. మీ ఊరి వలల దగ్గర పనిచేసే లచ్చన్న అక్కడే కదా పెరిగింది, ఇప్పటికీ కర్ర లేకుండా నిలబడలేడు.

నా ముని మనవణ్ణో మనవరాల్నో నేనే కట్టిన ముడి చుక్కలో తేల్చేస్తుందా?

రాత 5. ఆశ్వయుజం 5

మూడు రోజులుగా ఇంట్లో ఇదే.

దాలి అంటుంది: "నువ్వేసిన ముడేగా అమ్మమ్మా. తీసీ. నా పేరు మీద బుట్ట రాసీ. అయిపోతాది."

"అలాగనకే. బేగి నోరు మూసుకో" అంటాను నేను.

"బిడ్డ పుట్టినాక సుక్కకి ఎల్లమంటావేటి?"

"అదీ అనకు."

"మరేటనమంటావు? నీకు అన్నిటికీ భయమే. ఓ భయానికి రెండో భయాన్నిచ్చి పెళ్ళి సేసీ, రెండూ కాపరం సేసుకుంటాయి."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అది చిన్నప్పటి నుంచీ అంతే.

జోగారావు మెత్తగా చెప్పాడు, ముడి విప్పడానికి ఒక్క క్షణం పట్టదని, తనే విప్పుతానని. సరే అందామనే అనుకున్నాను. అంతలో గుమ్మంలో తౌడమ్మ కనిపించింది. బుట్టను బిడ్డ ఇంటి పేరు మీదే రాయాలి, ఓడవాళ్ళు సరుకును ఏ పేరు రాస్తే ఆ ఇంట్లోనే దింపుతారు. మాఘంలో దింపిన బుట్ట ఫాల్గుణం దాకా తౌడమ్మ ఇంటి నడవలోనే ఉండాలి. ఆ నడవలోనే.

ఆమె చివరికి ఒక్కమాట అంది. "బుట్టొద్దన్నేదత్తా. ఆ నడవలో ఉత్తబుట్టని మళ్ళీ సూళ్ళేను. నా కోడల్ని సుక్కకీ పంపలేను. నాకేటి తోచట్నేదు."

చెల్లీ, నాకూ ఏమీ తోచడం లేదు. ఏమీ తోచనప్పుడు గడులు తెరుస్తూ మూస్తూ కూర్చుంటున్నాను. అదొక్కటే చేతనవుతుంది ఇప్పుడు.

రాత 6. ఆశ్వయుజం 9

గడులు తెరుస్తూ మూస్తూ ఉన్నానని చెప్పాను కదా. ఊరికే చూద్దామని నమోదులో ఉన్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే పెట్టి ఎవరికి ఏం తెరుచుకుంటుందో చూశాను. ఐదు ఊళ్ళకూ కలిపి చంటిపిల్లలు కొద్దిమందే. మీ సన్నాసిగాడి పేరు కూడా పెట్టాను. వాడు నిద్రపోతున్నట్టు బొమ్మ ఏదీ రాదు గానీ, పేరు చూసినా ముద్దొచ్చింది.

వాడికి ఇంకో చిన్నబుట్ట ఎంచుకుందామని చూశాను. తెరుచుకోలేదు. ఒక పిల్లకు ఒకే బుట్ట, అది పాత ముడి. కానీ దాని పక్కన ఇంకొక గడి బూడిదరంగులో మూసి ఉంది. కూర్చునే బుట్ట. ఇదెప్పుడు తెరుచుకుంటుందని జోగారావును పిలిచాను.

"పిల్లడు ఎనిమిది కిలోలు తూగితే. అప్పుడు సిన్న బుట్టలో పట్టడు."

"పట్టకపోతే ఆ సిన్న బుట్టనేటి సేస్తారు?"

"కరిగించేస్తారు. ఇంకేటి సేస్తారు."

నేను పలక వంక చూస్తూ ఉండిపోయాను. చాలాసేపు చూశాను. జోగారావు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"బాబూ, నాకు మంచినీళ్ళొద్దు. ఇంకో పిల్ల గడి కావాల" అన్నాను.

ఈవేళ ఏం కట్టానో వరసగా రాస్తాను, నా గుర్తుకోసం కూడా. కూర్చునే బుట్ట అని ఎంచుకుంటే దాని కింద ఒక గడి తెరుచుకుంటుంది: పాత చిన్నబుట్టను ఏం చేయాలి? అందులో రెండే ఉన్నాయి, కరిగించాలి, లేదా ఇంకో ఇంటికి ఇవ్వాలి. ఇంకో ఇంటికి అని నొక్కితే కింద కొత్త అంచు తప్పనిసరిగా వచ్చేస్తుంది. కుక్కరు లేని మూతలు మళ్ళీ రాకూడదు కదా. వాడిన బుట్టకు అంచు గట్టిపడిపోతుంది, గాలి పట్టదు. బుట్ట పాతదైనా అంచు కొత్తది ఉంటే చాలు.

ఇంతవరకూ జోగారావు బుర్ర ఊపుతూనే ఉన్నాడు. ఆఖరి గడి దగ్గర ఆగాడు.

"ఏ ఇంటికి ఇవ్వాలో రాయొద్దా పెద్దమ్మా?"

"రాయాల. ఆ గడి కూడా కట్టీ. కానీ అది పుట్టుక రాసినాకే తెరుచుకోవాల. అంతదాకా ఎవులికీ కనపడకూడదు."

"అంతదాకా బుట్ట ఎక్కడుంటాది?"

"ఇచ్చేవోళ్ళింట్లోనే. ఆళ్ళ బుట్టే కదేటి. ఆళ్ళ పిల్లడు పడుకున్నదే కదేటి."

అతను కూర్చుని ఆ ముడులన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. మెల్లిగా అన్నాడు, "ఇది మీ సెల్లి మనవడు బరువెక్కితేనే సుమా."

అందుకే చెల్లీ, మొదటి రోజు అడిగినదే మళ్ళీ అడుగుతున్నాను. సన్నాసిగాడు ఎలాగున్నాడు? ఎంత తూగుతున్నాడు?

రాత 7. ఆశ్వయుజం 11

తౌడమ్మను పలక దగ్గరకు పిలుచుకొచ్చాను. ఆమె ఎప్పుడూ కేటలాగు ముట్టుకోదు, ఆమె బదులు ఎర్రినాయుడే నొక్కుతాడు. ఈసారి తనే కూర్చుంది. జోగారావు సన్నాసి బరువు ఎనిమిది అని ఉత్తుత్తిగా పెట్టి చూపించాడు. కూర్చునే బుట్ట తెరుచుకుంది. పాత బుట్ట గడి తెరుచుకుంది. ఇంకో ఇంటికి. కొత్త అంచు. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

తౌడమ్మ వేలితో ఆ ఖాళీ చోటు మీద నొక్కింది. మళ్ళీ నొక్కింది. పలక నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది.

"ఇక్కడ ఉంది కదా గడి?"

"ఉంది."

"తెరుసుకోట్నేదు."

"తెరుసుకోదు."

"మా ఇంటి పేరు ఎక్కడా నేదు కదా?"

"ఎక్కడా నేదు తల్లీ. నువ్వు ఎంత నొక్కినా రాదు."

ఇంకోసారి నొక్కి చూసి లేచింది. "అయితే సరే" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది: "మాటవరసకి అడుగుతున్నాను. ఆ సన్నాసిగాడి బుట్ట ఏ రంగు?"

నీలం అనుకుంటానని చెప్పాను. నీలమేనా చెల్లీ? కాకపోతే చెప్పు, నేను అబద్ధమాడినట్టు అవుతుంది.

రాత 8. ఆశ్వయుజం 20

నీ జవాబు అందింది. మొత్తం చదివి జోగారావుకు కూడా వినిపించాను, పడీ పడీ నవ్వాడు. నువ్వు రాసినది ఇక్కడ ఉంచుతున్నాను, పోకుండా.

"అప్పా, నీ మనవరాలి కోసం నా మనవణ్ణి దూడని మేపినట్టు మేపమంటావేటి? బుట్ట నీలం కాదు, పసుపు. వాడు ఏడుం ముప్పావు తూగుతున్నాడు. నిన్న జలుబు సేసింది. పాలు తాగట్నేదు. ముక్కు పట్టేసింది. నువ్వు భయపడకు."

నువ్వు భయపడకు అన్న మాట చదవగానే భయం మొదలయింది. జలుబు చేసిన పిల్ల తగ్గుతుందే గానీ పెరుగుతుందా? నెలాఖరు పది రోజుల్లో ఉంది. వాము మూటగట్టి వాడి పక్కన పెట్టు. దిగువ గదిలో పడుకోబెట్టకు, అక్కడ చెమ్మ. రాజేలును ఏమీ అనవద్దు, పాలు తగ్గుతాయి. పాలు తాగకపోయినా బతిమాలి ఎక్కువ పట్టకు, కక్కుకుంటాడు. బుట్ట సంగతి తర్వాత, ముందు వాడు బాగుండాలి. ఆ మాట మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. వాడికి ఏమైనా అయితే ఈ గడులన్నీ నేనే ఊడదీసి పారేస్తాను.

మళ్ళీ చదివాను, ఏమైనా అయితే అని రాసేశాను. తుడిచేద్దామంటే పలక ఒప్పుకోవడం లేదు, ఒకసారి రాసింది రాసిందేనట. నువ్వు ఆ మాట చదవనట్టు ఊరుకో.

నువ్వు కింద ఇంకో మాట రాశావు, మొలతాడు, వెండి మురుగులు, దండెకడియాలు అన్నీ తొడిగి తూస్తే ఈ పూటే ఎనిమిది దాటుతాడని. వద్దు చెల్లీ. కూర్చునే బుట్టకు పట్టీలు బరువును బట్టి వస్తాయి, అది కూడా నేను వేసిన ముడే. అబద్ధం బరువుకు వదులు పట్టీలు వస్తాయి. నా మనవరాలి బిడ్డకు బుట్ట కావాలని నీ మనవణ్ణి వదులు పట్టీల్లో కూర్చోబెడతానా?

ఇది ఐదు ఊళ్ళూ చదువుతాయని ఇప్పుడే గుర్తొచ్చింది. జోగారావు మురుగుల సంగతి తనకు వినపడలేదన్నాడు.

రాత 9. ఆశ్వయుజం 27

ఈవేళ పొద్దున నుంచీ పలక దగ్గరే ఉన్నాను. దాలి మజ్జిగన్నం అక్కడికే తెచ్చి, కుక్కరు మూతలో పెట్టి తినిపించింది. కంతలోంచి మజ్జిగ నా చీర మీద కారింది. కేటలాగు ఇంకో మూడు రోజుల్లో మూస్తారు గానీ, జోగారావు అన్ని ఊళ్ళకూ చివరి బరువులు ఈవేళే రాయాలన్నాడు.

మధ్యాహ్నం మీ ఊరి నమోదు మారింది. సన్నాసి: ఎనిమిది కిలోలు, దాని మీద కొంచెం.

నాకు ముందు నమ్మకం కలగలేదు. మురుగులు తొడిగించావేమోనని అనుమానపడ్డాను. అంతలోనే నీ మాట వచ్చింది.

"జలుబు తగ్గినాక రెండు రోజులు ఇంటిని పీకి పందిరేసినాడు. తెగ తాగినాడు. పాలు తాగిన ఎంటనే తూసినాం, ఒంటి మీద నూలుపోగు నేదు. తాగిన పాలు కూడా ఆడివే కదా. నువ్వు ఒట్టెయ్యమంటే ఏస్తాను."

ఒట్టు వద్దు. పిల్లల మీద ఒట్లు వేయకూడదు.

తర్వాత నువ్వు కూర్చునే బుట్ట నొక్కినట్టు ఇక్కడ కనిపించింది. పాత బుట్ట గడి తెరుచుకుంది. అందులో ఏం నొక్కుతావా అని చూస్తున్నాను. ఎంతసేపు పట్టావే! వేలు జారి కరిగించాలి మీద పడుతుందేమోనని నేనిక్కడ పలకను రెండు చేతులా పట్టుకున్నాను. ఇంకో ఇంటికి. కొత్త అంచు. ఆ తర్వాత ఖాళీ.

దాలి నా భుజం మీంచి వంగి చూసింది. "ఆ ఖాళీలో ఏటుంది అమ్మమ్మా?"

"ఏటీ నేదు. నువ్వెల్లి పడుకో."

"నాకు తెలుసునే. నా కాడ దాస్తావేటి."

"తెలిస్తే తెలిసింది. పైకనకు."

అది అనలేదు. తౌడమ్మ కూడా అనలేదు. ఆమె ఇంటికి పోతూ, ఇన్నేళ్ళుగా మొహం తిప్పుకుని నడిచే ఆ నడవలో ఆగి, అక్కడ పడి ఉన్న గొట్టాలూ గోనెలూ తీయించి, నేల తుడిపించిందట. ఎందుకమ్మా అని ఎర్రినాయుడు అడిగితే, దుమ్ము పట్టింది, అందుకని అందట.

ఆ కనపడని గడి ఉన్న చోటునే నేను ఇంకా చూస్తున్నాను చెల్లీ. మొదట్లో కనపడనివి నన్ను చూస్తుంటాయంటే భయపడ్డాను. ఇప్పుడు, చూస్తే చూడనీ, అది అక్కడే ఉండి సమయం వచ్చినప్పుడు తెరుచుకుంటే చాలనిపిస్తోంది. దానికి ఎంత తెలుసో, ఎవరి పేరు కోసం కాచుకుని ఉందో అని ఒకటే ఆలోచన. మాఘం, ఫాల్గుణం ఇంకా ఎంతో దూరం. ఈలోపల భయపడడానికి నాకు చాలా ఉన్నాయి. ఎర్రినాయుడు రేపు తూర్పు పొర ఎక్కుతున్నాడు, అక్కడ జారుడు.

గాలిలెక్కలవాళ్ళను అడిగి వచ్చాను. పై గాలిలో తిరిగే మీ ఊరు, కింది గాలిలో తిరిగే మా ఊరు వచ్చే ఏడాది ఒకదాని కిందికి ఒకటి వచ్చి మూడు రోజులు దగ్గరగా ఉంటాయట. ఆ మూడు రోజుల్లో మీ ఊరినుంచి మా ఊరికి గాలిపడవ దిగవచ్చు. నువ్వూ, మరిదీ, గురువులూ, రాజేలూ, సన్నాసిగాడూ అందరూ రండి. సన్నాసికి ముసుగు వద్దు, కొత్త బుట్టలో కూర్చోబెట్టి తీసుకురండి, పట్టీలు రెండుసార్లు చూసుకోండి. ఎందుకు వస్తున్నారని ఎవరైనా అడిగితే, అప్ప మోకాళ్ళ నొప్పులు చూడ్డానికి అని చెప్పు. వేరే ఏ మాటా చెప్పవద్దు. మా ఊరి తలుపు దగ్గర పడవ ఆపి ముందు నన్ను పిలు. నేను రమ్మంటేనే పడవలో ఉన్నది దింపు, అప్పటిదాకా దాన్ని పడవలోనే ఉండనీ. ఉత్త చేతులతో రాకూడదని నీకు నేను చెప్పక్కరలేదు.

చైత్రం పద్నాలుగు పొద్దున్నే రండి.